కొండసీమల తొలివేసవి ఉరుములు
(తెలుగు సంఘసభలో చదివిన ప్రసంగపాఠము)



ఢిల్లీ నగరమున వైశాఖ జ్యేష్ఠమాసముల ఎండ ఎట్టిదో ఈ సభకు వేరుగ చెప్పనక్కరలేదు. రోహిణీకార్తెలో రోళ్లు పగులునని తెలుగు పెద్దలు చెప్పిన మాట యమునాతీరమునకును వర్తించును. అందుచేతనే బడులకు సెలవు లిచ్చినంతనే తెలుగు కుటుంబము లనేకము సిమ్లాకో, ముస్సోరీకో, నైనితాలుకో ప్రయాణమగుచుండును. వేసవిగదా అని పెట్టెలలో పలుచని బట్టలు సర్దుకొని, ఉన్నిబట్టలను ఇంటనే విడుతురు. రుతుపవనములు కొండలకు చేరునది జూన్ చివరనే గనుక అంతవరకు వానభయము లేదని వారి ధైర్యము. ఆ ధైర్యమును గూర్చి కొంత విచారింపవలసియున్నది.

ఢిల్లీ సముద్రమట్టమునకు సుమారు 216 మీటర్ల ఎత్తున నున్నది. సిమ్లా సుమారు 2,200 మీటర్ల ఎత్తున నున్నది. కిలోమీటరు పైకి పోయినకొలది సగటున ఆరున్నర డిగ్రీల వేడి తగ్గును. ఈ లెక్కన రెండు నగరములకును పదమూడు డిగ్రీల వ్యత్యాసము. కొండల చల్లదనమునకు ఇదియే కారణము. కాని ఆ చల్లదనముతోపాటు క్షణక్షణము మారు స్వభావము కూడ కొండగాలికి కలదు.

వేసవిలో కొండపై ఒక దినము గడచు తీరు గమనింపదగినది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయలలోనికి దిగియుండును. ప్రాతఃకాలమున ఆకాశము నిర్మలమై, దూరపు మంచుశిఖరములు స్పష్టముగ కనబడును. సూర్యకిరణములు తూర్పువాలులను తాకిన కొంతసేపటికి అచ్చటి గాలి వెచ్చనై పైకి ప్రాకసాగును. పది పదకొండు గంటలకు శిఖరములపై దూదిపింజలవంటి మబ్బులు తేలును. చూచువారికి అవి కనులపండువుగా నుండును. వాని అడుగు నల్లబడి, తల గోపురమువలె లేచి, మధ్యాహ్నమునకు పైభాగము కమ్మరి దాగలివలె పరచుకొన్నచో పిడుగుల మబ్బు సిద్ధమైనదని ఎరుగవలెను. అట్టి మబ్బు పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తువరకు పెరుగుట కలదు. దాని లోపల మంచుపలుకులును చిన్న వడగండ్లును ఒకదానితో నొకటి రాచుకొనుటచే విద్యుత్తు పోగగును. వానకు ముందు మబ్బునుండి చల్లని ఈదురుగాలి దిగును. కొన్ని నిమిషములలో వేడి పది డిగ్రీలవరకు పడిపోవచ్చును. పిమ్మట వడగండ్లు, జడివాన. గంట రెండు గంటలలో అంతయు ముగిసి మరల ఎండ కాయును.

కాళిదాసుని మేఘసందేశములోని మేఘము ఆషాఢమేఘము. దూరదేశములకు పోవు బాటసారి. తొలివేసవి కొండమబ్బు అట్టిది కాదు. ఏ కొండపై పుట్టునో ఆ చుట్టుప్రక్కలనే కురిసి నశించును. ఒక లోయలో వడగండ్లు పడుచుండగా ప్రక్కలోయలో దండెముపై బట్టలు ఆరుచుండును. అయినను ఆ మబ్బునకు దూరపు చుట్టరికము లేకపోలేదు. మధ్యధరా సముద్రప్రాంతమునుండి పడమటిగాలులతో వచ్చు అలజడులు శీతకాలమున హిమాలయములకు మంచు నిచ్చును. ఏప్రిల్, మే నెలలలో పైగాలిని చల్లబరచును. క్రింద వెచ్చదనము, పైన చల్లదనము, నడుమ తేమ కలిసినచో ఉరుము తప్పదు. ఢిల్లీ సాయంకాలములలో ధూళి లేపుచు వచ్చు ఆంధీకిని పలుమార్లు ఇదియే మూలము.

ప్రభుత్వోద్యోగులకు ఆసక్తి కలిగింపదగిన చరిత్ర ఇచ్చట ఒకటి కలదు. 1875లో స్థాపింపబడిన భారత వాతావరణ శాఖ ప్రధాన కార్యాలయము 1905లో కలకత్తానుండి సిమ్లాకును, 1928లో పూనాకును, 1944లో ఢిల్లీకిని మారినది. రుతుపవనముల పరిశోధనలో పేరొందిన గిల్బర్టు వాకరు ఆ శాఖకు అధిపతియై సిమ్లాలో పనిచేసెను. 2021లో సిమ్లా చేరువనున్న కుఫ్రీలోను, కుమావూనులోని ముక్తేశ్వరమునందును డాప్లర్ రాడార్లు ప్రారంభమైనవి. మబ్బు పెరుగుటను చూచి ముందుగా హెచ్చరించుటకు ఇవి తోడ్పడుచున్నవి. అయినను ఏ గుట్టపై ఏ నిమిషమున పిడుగు పడునో చెప్పగల యంత్రము లేదు.

కొండవారికి ఈ వాన బ్రతుకుతెరువుతో ముడిపడిన విషయము. హిమాచలమున ఆపిల్ చెట్లు ఏప్రిల్‌లో పూచి, అటుపిమ్మట పిందె తొడుగును. ఒక్క పావుగంట వడగండ్లు ఏడాది కష్టమును నేల రాల్చగలవు. రాలని కాయకు మచ్చ పడినను బజారులో ధర తగ్గును. అందుకే తోటలపై వలలు పరచుదురు. అదే వాన పైను అడవులలో రగులు కార్చిచ్చును ఆర్పును. ఎండిన ఊటలకు నీరు తెచ్చును. కావున రైతు దానిని రావలదనలేడు, రమ్మననులేడు. మందలతో ధౌలాధార్ కనుమలు దాటు గద్దీ కాపరులకు పిడుగు మరింత భయంకరము. పిడుగు నేలలో పారునపుడు గొఱ్ఱెల ముందరికాళ్లకును వెనుకకాళ్లకును నడుమ విద్యుత్తు ప్రవహించును. ఒక్క పిడుగుకు పదులకొలది గొఱ్ఱెలు కూలుట కలదు.

ఎత్తైన చోటికి పోవు పనిని తెల్లవారుజామున మొదలిడి మధ్యాహ్నమునకు ముందే ముగించుట కొండలు తెలిసినవారి పద్ధతి. యాత్రికులు దానిని అనుసరించుట మేలు. ఉరిమినపుడు తెలుగు తల్లులు పిల్లలచేత అర్జునుని పేర్లు చెప్పింతురు. ఆ పేర్లు భయమును పోగొట్టును. వానితోపాటు లెక్కయు నేర్పవలెను. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు పట్టిన సెకనులను మూడుచే భాగించినచో పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరమున నున్నదో తెలియును. ఆ సెకనులు ముప్పదికి లోబడినచో ఇంటిలోనికో, తలుపులు మూసిన కారులోనికో చేరవలెను. చివరి ఉరుము వినిన అరగంటవరకు వెలికి రారాదు. ఒంటరి దేవదారు క్రిందను, శిఖరపు అంచునను నిలువరాదు. ఎండిన వాగులో కూర్చుండి ఫలహారము చేయరాదు. పైన ఎచ్చటనో కురిసిన నీరు ఒక్కసారిగ రావచ్చును. మే నెలలోనైనను మనిషి కొక ఉన్నిబట్ట వెంట నుండవలెను. తడిసినపిదప వీచు కొండగాలి పసిపిల్లలకును వృద్ధులకును అపాయకరము.

ఈ జాగ్రత్తలు హిమాలయములకు మాత్రమే పరిమితములు కావు. అరకులోయకును పాడేరు కొండలకును వేసవిలో పోవు బంధువులకు కూడ వీనిని తెలుపవలెను. తూర్పుకనుమలపైనను ఏప్రిల్, మే నెలలలో మధ్యాహ్నపు ఎండ వెనుక ఉరుములవాన తరచు పొంచియుండును.

అంతదూరము పోయి శిఖరమెక్కక మరలుట కుటుంబములకు కష్టముగనే తోచును. కాని శిఖరము మరునాటి ఉదయమునను అచ్చటనే యుండును. పిల్లలు మాత్రము మొదటి ఉరుము వినగనే ఇల్లు చేరవలెను. వేసవి ప్రయాణములు అందరికిని క్షేమదాయకము లగుగాక.