ఓడదొంగల సినిమాలు: మాస్టారికి బాకీపడిన జవాబు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్లు సరుకు ఓడల మీద పనిచేశావు కదా, నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. ఓడల లెక్కలు చెబితే భోజనాల ముందే అందరూ కునుకు తీస్తారు. అందుకని ఓడదొంగల సినిమాల గురించి చెబుతాను. నన్ను ఓడ ఎక్కించింది ఆ దొంగలే.

ఎనిమిదో తరగతిలో మన నాన్‌డిటెయిల్డ్ పుస్తకం స్టీవెన్సన్ ‘ట్రెజర్ ఐలాండ్’. ఇంగ్లీషు మాస్టారు నల్లబల్ల స్కేలు చంకలో పెట్టుకుని, ఒంటికాలి మీద గెంతుతూ లాంగ్ జాన్ సిల్వర్‌ని మా కళ్లకు కట్టించారు. పాఠం అయిపోయిన రోజు, “సిల్వర్ మంచివాడా, చెడ్డవాడా?” అని అడిగారు. నేను లేచి “చెడ్డవాడండీ” అన్నాను. “మరి వాడు తప్పించుకుపోయాడనగానే నీ మొహం వెలిగిపోయిందేమిరా?” అన్నారు. తల దించుకుని కూర్చున్నాను.

ఆ కథను డిస్నీ వారు 1950లో సినిమాగా తీశారు. కార్టూను బొమ్మలు లేకుండా పూర్తిగా నటులతో వారు తీసిన మొదటి చిత్రం అదే. సిల్వర్‌గా రాబర్ట్ న్యూటన్ మాట్లాడిన పశ్చిమ ఇంగ్లండు యాసే తర్వాత సినిమా దొంగలందరికీ అంటుకుంది. చివర్లో పడవను నీళ్లలోకి నెట్టలేక సిల్వర్ అవస్థ పడుతుంటే, కాసేపటి క్రితం తన మీద పిస్తోలు ఎత్తినవాడని తెలిసీ జిమ్ వెళ్లి చెయ్యి వేస్తాడు. మనవలకు ముందు ఇదే చూపించండి.

తర్వాత 1935 నాటి ‘కెప్టెన్ బ్లడ్’. ఎర్రోల్ ఫ్లిన్ ఇందులో డాక్టరు. రాజు మీద తిరగబడిన ఒక మనిషి గాయానికి కట్టు కట్టిన నేరానికి ఆయన్ని జమైకాలో బానిసగా అమ్మేస్తారు. అక్కణ్ణించి పారిపోయి ఓడదొంగ అవుతాడు. కత్తియుద్ధాలు సరే, నాకు నచ్చింది వాళ్లు రాసుకున్న ఒప్పందం. దోపిడీలో ఎవరి వాటా ఎంత, పోరాటంలో చేయో కాలో పోతే పరిహారమెంత అన్నీ అందులో ఉంటాయి. నిజం ఓడదొంగలు కూడా ఇలాంటి ఒప్పందాలు రాసుకున్నారు.

నవ్వుకోవాలంటే 2003లో వచ్చిన ‘పైరేట్స్ ఆఫ్ ది కరీబియన్’ మొదటి భాగం. జాక్ స్పారో మహారాజులా తెరచాప కొయ్య మీద నిలబడి రేవుకొస్తాడు. కింద పడవ మునిగిపోతూ ఉంటుంది. తర్వాతి భాగాలు చూడకపోయినా నష్టం లేదు.

ఇక నా సంగతి. 2011లో ఏడెన్ సింధుశాఖ దాటుతున్నాం. నేను సెకండ్ ఆఫీసర్‌ని. ఓడ చుట్టూ ముళ్లతీగ, పక్కల నీళ్ల పైపులు, పైన సాయుధ గార్డులు. తెల్లవారుజామున ఒక మోటారు పడవ మా వైపు దూసుకొచ్చింది. బైనాక్యులర్స్‌లో ఐదుగురు కనిపించారు. బక్కచిక్కిన కుర్రాళ్లు. గార్డులు తుపాకులు పైకెత్తి చూపించారు. పడవ కాసేపు ఆగి, వెనక్కి తిరిగింది. వాళ్లు దొంగలో, చేపలు పట్టుకునేవాళ్లో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే రెండు కొత్త సినిమాలు చెబుతాను. 2009లో సోమాలీ దొంగలు ఒక అమెరికా ఓడ మీద పడిన నిజ ఘటనపై తీసింది ‘కెప్టెన్ ఫిలిప్స్’ (2013). టామ్ హ్యాంక్స్‌కు దీటుగా దొంగల నాయకుడిగా నిలిచిన బర్ఖద్ అబ్ది అప్పటిదాకా సినిమా ముఖం ఎరగడు. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లాడు. రెండోది డెన్మార్క్ వారి ‘ఎ హైజాకింగ్’ (2012). ఇందులో దొంగలు ఓడ ఎక్కే దృశ్యమే లేదు. ఓడలో బందీలు, ఆఫీసులో ఫోను మీద బేరం, ఇళ్లలో ఎదురుచూపులు, అంతే. అది చూశాక మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “మీరు ఏడెన్ దాటే రోజుల్లో నేనూ ఇలాగే ఫోను పక్కన కూర్చునేదాన్నండీ” అంది. అన్నేళ్లలో నేను ఆ మాట అడగనే లేదు.

మాస్టారూ, మీరు ముందు వరుసలోనే ఉన్నారు కాబట్టి ఇప్పుడు జవాబు చెబుతాను. సిల్వర్ చేసినవి చెడ్డపనులే. కానీ ఆ తెల్లవారుజామున పడవ వెనక్కి తిరిగినప్పుడు నేను ఊపిరి పీల్చుకున్నది మా ప్రాణాలు దక్కినందుకు ఒక్కటే కాదు, ఆ కుర్రాళ్ల మీద తుపాకీ పేలనందుకు కూడా. ఆనాడు క్లాసులో నా మొహం వెలిగింది కూడా ఇందుకేనేమో. మార్కులు మీ ఇష్టం.