గ్వెన్‌ల్లియన్: ఒక పేరు కథ

బిడ్డకు పేరు పెట్టుట ఏ దేశమునందైనను వేడుకయే. కొన్ని పేర్లు పిలుచుటకే గాక, పూర్వులను తలచుకొనుటకును పెట్టుదురు. అట్టి పేరొకటి వేల్సు దేశమున కలదు. అదియే గ్వెన్‌ల్లియన్. నేడు మేము దాని కథను మీకు వినిపింపదలచితిమి.

ఈ పేరులో 'గ్వెన్' అనగా తెలుపు, శుభము. రెండవ భాగమును కొందరు నారబట్టకును, కొందరు ప్రవాహమునకును సంబంధించినదిగా చెప్పుదురు. నడుమనున్న జంట లకారమును పలుకుట పరదేశీయులకు కష్టము. 'ల' పలుకునట్లే నాలుక కొనను ఆనించి, కంఠధ్వని లేకుండ ప్రక్కనుండి గాలిని మాత్రము విడువవలెను. దీనికి మన అక్షరమాలలో అక్షరము లేదు. ఆంగ్లమున ఆ ధ్వనియే లేదు.

మధ్యయుగమున వేల్సు రాజకుటుంబములలో ఈ పేరు విరివిగా ఉండెను. వారిలో ఇరువురు ప్రసిద్ధులు. మొదటి యామె దక్షిణ వేల్సు ప్రభువైన గ్రిఫిద్ అప్ రీస్ భార్య. 1136లో భర్త సహాయార్థము ఉత్తరమునకు వెళ్లియుండగా, ఆమె స్వయముగా సేనను నడిపి, కిడ్వెలీ కోట చెంత నార్మనులతో పోరాడి ప్రాణము విడిచెను. ఆ చోటిని నేటికిని 'గ్వెన్‌ల్లియన్ పొలము' అందురు.

రెండవ యామెకు కత్తి పట్టు అవకాశమే లేకపోయెను. 1282 జూన్‌లో ఆమె పుట్టిన పురిటిలోనే తల్లి ఎలినార్ కన్నుమూసెను. ఆ డిసెంబరు 11న తండ్రి, వేల్సు ప్రభువు ల్లెవెలిన్, ఆంగ్లసేనల చేతిలో హతుడయ్యెను. ఈ బిడ్డకు సంతానము కలిగినచో వేల్సు మరల తల యెత్తునని మొదటి ఎడ్వర్డు రాజు శంకించి, పసికందును లింకన్‌షైరులోని సెంప్రింగ్‌హాం సన్యాసినీ మఠమునకు పంపించెను. ఆమె అచ్చటనే పెరిగి, సన్యసించి, 1337 జూన్ 7న మరణించెను. మఠవాసము సుమారు 54 ఏండ్లు. ఆనాటి వ్రాతలలో ఆమె పేరు 'వెంట్లియన్' వంటి రూపములలో కానవచ్చును. రాజ్యము పోయెను, సంతతి లేకపోయెను; తుదకు పేరును పరుల నోట రూపు మారెను.

తరువాతి శతాబ్దములలో వేల్సు ఇండ్లలో ఆంగ్లేయుల పేర్లే ఎక్కువగా చెల్లినవి. 20వ శతాబ్దిలో భాషాభిమానము హెచ్చగా పాత పేర్లు మరల ఊయెలలను చేరెను. 2009లో ఉత్తర వేల్సులోని ఎరరి పర్వతములలో 926 మీటర్ల శిఖరమొకదానికి ఈ రాకుమారి పేరు పెట్టిరి. ల్లెవెలిన్ పేరు గల శిఖరమును ఆ పంక్తియందే కలదు. 2011లో చట్టము వేల్సు భాషకు అధికార హోదా నొసగెను.

నేడును ఈ పేరు వేల్సులో అపురూపమే. వెలుపల మరియు అరుదు. ఇంటివారు ముద్దుగా 'గ్వెన్' అని పిలుచుటయు కలదు. వంశము నిలువరాదని దాచియుంచిన ఆ బాలిక పేరును, ఆమెతో ఏ బంధుత్వమును లేని తల్లిదండ్రులు తమ కుమార్తెలకు పెట్టుకొనుచున్నారు. పలుకుటకు సులభమైన పేరే మేలని తలచు మన గృహములలోను ఈ సంగతి ఒకమారు ఆలోచింపదగినదని మా మనవి.