చదివిన చదువును పోగొట్టుకోవద్దు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలకు బహుమతులు ఇస్తున్నాం. చాలా సంతోషం. ఈసారి మాకు మాట్లాడే అవకాశం ఇచ్చారు కనుక, ఈ వేదిక ఎక్కని పిల్లల గురించి నాలుగు మాటలు చెప్పదలచాం. డిగ్రీలో చేరి, ఏడాదో ఏడాదిన్నరో చదివి, మధ్యలో ఆగిపోయినవారి గురించి.

మా దగ్గర పదో తరగతి చదివి వెళ్ళిన పిల్లలు బజారులో, పెళ్ళిళ్ళలో కనిపించినప్పుడు ఏం చేస్తున్నారని అడుగుతుంటాం. "నిఖా అయింది సార్, రెండో ఏడు మధ్యలో మానేశాను" అంటుంది ఒక అమ్మాయి. "అబ్బాకు ఒంట్లో బాగాలేదు, షాపులో కూర్చుంటున్నాను" అంటాడు ఒక అబ్బాయి. "రెండేళ్ళు సౌదీ వెళ్ళి వచ్చాను సార్" అంటాడు ఇంకొకడు. మళ్ళీ చదవకూడదా అంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "మళ్ళీ మొదటి ఏడాది నుంచి ఎవరు చదువుతారు సార్?"

మొదటి ఏడాది నుంచి చదవాలని ఎవరు చెప్పారు? ఈ రోజు మేము చెప్పదలచుకున్నది ఇదే. పాసైన పేపర్లు పోవు. వాటిని లెక్కలోకి తెచ్చుకునే దారి ఉంది. అయితే దానికి గడువు ఉంది, కొన్ని కాగితాలు కావాలి, అడిగే నోరు కావాలి.

ముందు క్రెడిట్ అంటే ఏమిటో చూద్దాం. డిగ్రీ మార్కుల మెమోలో ప్రతి పేపరు ఎదురుగా 4 అనో 3 అనో ఒక అంకె ఉంటుంది. చాలామంది దాన్ని పట్టించుకోరు. అదే క్రెడిట్. సెమిస్టర్‌కు 15 వారాల లెక్కన, వారానికి ఒక గంట పాఠం వింటే ఒక క్రెడిట్. ప్రాక్టికల్స్ అయితే దానికి రెట్టింపు గంటలు. పరీక్ష పాసైతేనే ఆ క్రెడిట్ మన ఖాతాలో పడుతుంది. తప్పిన పేపరుకు క్రెడిట్ రాదు. యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కు 160. కొన్ని విశ్వవిద్యాలయాల్లో ఈ లెక్క కొంత ఎక్కువగా ఉంటుంది కనుక మీ మెమోలో ఉన్నదే చూసుకోండి.

మూడు సెమిస్టర్లు పాసైన అమ్మాయి దగ్గర సుమారు 60 క్రెడిట్లు ఉంటాయి. అంటే ఆమె తక్కువలో తక్కువ 900 గంటలు తరగతిలో కూర్చుంది. ఆ 900 గంటల వెనుక తల్లి కుట్టుమిషను మీద సంపాదించిన డబ్బు ఉంది, తండ్రి కట్టిన బస్సు పాసు ఉంది, ఈ సొసైటీ ఇచ్చిన స్కాలర్‌షిప్పు కూడా ఉంది. మొదటినుంచి చదవాలనుకోవడం అంటే ఇదంతా వదులుకోవడమే.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2021 జూలైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. పేరుకు తగ్గట్టే అది బ్యాంకులాంటిది. విద్యార్థికి 12 అంకెల ఖాతా నంబరు వస్తుంది. పాసైన పేపర్ల క్రెడిట్లను కాలేజీ లేదా విశ్వవిద్యాలయం అందులో జమ చేస్తుంది. విద్యార్థి తనంతట తాను జమ చేసుకోలేడు. అందుకే, "మా అమ్మాయి క్రెడిట్లు ఎక్కించారా?" అని కాలేజీని అడగాల్సింది మనమే. వేరే ఊళ్ళో, వేరే విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు ఈ క్రెడిట్లను అక్కడికి బదిలీ చేయించుకోవచ్చు.

ఇందులో మూడు విషయాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది గడువు. జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా 7 సంవత్సరాలు చెల్లుతాయి. మొదటి ఏడాది తర్వాత 40 క్రెడిట్లతో, ఒక చిన్న వృత్తి కోర్సు కూడా పూర్తిచేసి సర్టిఫికెట్ తీసుకుని బయటికి వచ్చినవారు మూడేళ్ళలోపు తిరిగి చేరాలని, మొత్తం చదువు 7 ఏళ్ళలో ముగించాలని యూజీసీ చట్రం చెబుతోంది. "పిల్లలు కాస్త పెద్దయ్యాక చూద్దాం" అనుకునేవారు ఈ లెక్క ముందే వేసుకోవాలి.

రెండవది సగం నియమం. ఏ సంస్థ డిగ్రీ ఇస్తుందో, కనీసం సగం క్రెడిట్లు అక్కడే సంపాదించాలి. మూడు సెమిస్టర్లు చదివి 60 తెచ్చుకున్న అమ్మాయికి మిగతా 60 అత్తగారి ఊరి కాలేజీలో చదివితే లెక్క సరిపోతుంది. నాలుగు సెమిస్టర్లు అయి 80 ఉంటే కొత్తచోట మిగిలేది 40 మాత్రమే, అది సగం కాదు. అప్పుడు కొత్తచోట ఇంకో 20 అదనంగా చదవాలి, లేదా పాత విశ్వవిద్యాలయమే డిగ్రీ ఇచ్చే వీలుందేమో కనుక్కోవాలి. ఊరు మారకముందే ఈ లెక్క వేసుకుంటే ఎన్నో తిప్పలు తప్పుతాయి.

మూడవది సబ్జెక్టుల పొంతన. బీకాం క్రెడిట్లు తెచ్చి బీఎస్సీలో కలపమంటే అన్నీ కలవవు. భాషల పేపర్లు కలిసినా మిగతావి కొత్తగా చదవాల్సి రావచ్చు. ఏ పేపరు దేనికి సమానమో నిర్ణయించేది కొత్త విశ్వవిద్యాలయమే. కనుక చదివిన సిలబస్ ప్రతులు దాచుకోవాలి.

ఇక అసలు చిక్కు పేరు దగ్గర వస్తుంది. ఇది మన ఇళ్ళలో మరీ ఎక్కువ. పదో తరగతి మెమోలో ఎస్.కె. అని ఉంటుంది, ఆధార్‌లో షేక్ అని ఉంటుంది. ఒకచోట ఎం.డి., ఇంకోచోట మహమ్మద్. ఒకచోట పేరు చివర బీ, మరోచోట బేగం. పెళ్ళయ్యాక ఆధార్‌లో భర్త పేరు చేరుతుంది. క్రెడిట్ ఖాతా డిజిలాకర్ ద్వారా ఆధార్‌తో ముడిపడి ఉంటుంది కనుక పేరు, పుట్టిన తేదీ కలవకపోతే పని అక్కడే ఆగుతుంది. దానికితోడు ఆధార్‌కు ఇచ్చిన ఫోన్ నంబరు అన్నదో, ఎప్పుడో మానేసిన సిమ్ముదో అయి ఉంటుంది. తల్లులారా, అమ్మాయిని ఇంటర్‌లో చేర్చేనాటికే పదో తరగతి మెమోలో ఉన్నట్టుగా ఆధార్ సరిచేయించండి. నంబరు ఆమెదే పెట్టించండి.

కాలేజీ వదిలే రోజు కూడా ముఖ్యమైనదే. నిఖా తేదీ ఖాయమైతే హాలు, వంటవాళ్ళు, బట్టలు అన్నీ ఆలోచిస్తాం. కాలేజీకి వెళ్ళి టీసీ, అన్ని సెమిస్టర్ల మెమోలు తెచ్చుకోవడం మాత్రం ఎవరికీ గుర్తుండదు. వేరే విశ్వవిద్యాలయానికి వెళ్ళేవారికి మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని, బాకీ కట్టాలని కొన్నిచోట్ల పదో తరగతి, ఇంటర్ అసలు పత్రాలు ఇవ్వరు. అలా అసలు పత్రాలు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఈ మాట తెలిసి మర్యాదగా, రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు పని అవుతుంది.

ఈ బ్యాంకులో 2021-22 విద్యాసంవత్సరం నుంచి సంపాదించిన క్రెడిట్లే చేరతాయి. అంతకుముందు ఆపేసినవారు నిరాశపడనక్కరలేదు. తమ పాత విశ్వవిద్యాలయం పరీక్షల విభాగానికి వెళ్ళి, రీఅడ్మిషన్‌కు గానీ, మిగిలిన పేపర్లు రాయడానికి గానీ వీలుందేమో అడగాలి. పాత విద్యార్థులకు ప్రత్యేక అవకాశం ఇస్తున్నట్టు విశ్వవిద్యాలయాలు అప్పుడప్పుడు ప్రకటిస్తుంటాయి. రోజూ కాలేజీకి వెళ్ళే వీలు లేని గృహిణులకు ఇగ్నో ఉంది. అక్కడ బీఏ కనీసం మూడేళ్ళు, గరిష్ఠంగా ఆరేళ్ళలో పూర్తి చేయవచ్చు. పాత క్రెడిట్లు కలుపుతారేమో చేరేముందే అడగాలి. ఉర్దూ మాధ్యమంలో చదవదలచినవారికి హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ఉంది. పాలిటెక్నిక్ డిప్లొమా చేసి పనిలో చేరిన అబ్బాయిలు ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. అదీ చదివిన చదువును లెక్కలోకి తీసుకోవడమే.

చివరగా సొసైటీ పెద్దలకు మా మనవి. కొత్తగా చేరేవారికి ఇస్తున్న స్కాలర్‌షిప్పుల్లో కొంత భాగాన్ని ఆగిపోయినవారికి కేటాయించండి. వీరికి కావాల్సింది పెద్ద మొత్తం కాదు. పాత ఫీజు బాకీ, మైగ్రేషన్ రుసుము, పరీక్ష ఫీజు, రెండు మూడుసార్లు విశ్వవిద్యాలయానికి వెళ్ళివచ్చే ఖర్చు. ఒక్కో మొహల్లాలో డిగ్రీ మధ్యలో ఆపినవారి పేర్లు, ఎన్ని సెమిస్టర్లు పాసయ్యారో, ఏ సంవత్సరంలో ఆపారో ఒక రిజిస్టరులో రాయండి. ముందుగా గడువు దగ్గరపడినవారి ఇంటికి వెళ్దాం. దరఖాస్తులు నింపడానికి, కాలేజీలకు ఉత్తరాలు రాయడానికి మా ఉపాధ్యాయులం ఆదివారాలు వచ్చి కూర్చుంటాం.

అత్తమామలకూ ఒక మాట. మీ ఇంటికి వచ్చిన కోడలు తనతో సగం డిగ్రీ కూడా తెచ్చుకుంది. మిగతా సగం మీ ఇంట్లో ఉండగా పూర్తయితే ఆ ఘనత మీదే.