నమూనా ఇంటికి రేకు మందమెంత?

బొమ్మ ఇల్లు కట్టుట పిల్లల ఆటయని అనుకొనువారు కలరు. కొంతకాలము క్రిందటి వరకు నేనును అట్లే అనుకొన్నాను. మా ఊరిలోని మండువా ఇల్లు పంపకములలో అమ్ముడైనది. కొన్నవారు దానిని పడగొట్టుదురని తెలిసినది. మా అమ్మ ఆ ఇంటికి కోడలై వచ్చినది. ఆమె చూచుకొనుటకు ఏదైన మిగుల్చవలెనని, గోడలు పడకముందే కొలతలు తీసికొని, ప్లాస్టిక్ రేకులతో నమూనా కట్టబూనినాను. ఏ భాగమునకు ఎంత మందముగల రేకు వాడవలెనో ఆ పనిలో నేర్చుకొన్నాను. శ్రోతలకు నేడు చెప్పదలచినది అదియే.

ఈ రేకు పాలీస్టైరీన్ అను ప్లాస్టిక్. 0.25, 0.5, 0.75, 1, 1.5, 2 మిల్లీమీటర్ల మందములలో దొరకును. కొన్ని పొట్లములపై అంగుళములో వెయ్యవ వంతుల లెక్క ఉండును. 10 అనగా సుమారు పావు మిల్లీమీటరు. 40 అనగా ఒక మిల్లీమీటరు.

నేను ఎన్నుకొన్న స్కేలు 1:48. అసలు ఇంటిలోని అడుగు నమూనాలో పావు అంగుళమగును. 40 అడుగుల ముందు గోడ 10 అంగుళములైనది. కోయుటకు సులువని మొదట ఇల్లంతయు అర మిల్లీమీటరు రేకుతో కట్టినాను. నెల తిరుగకముందే ముందు గోడ విల్లువలె వంగినది. రెండవసారి అంతయు 2 మిల్లీమీటర్ల రేకు వాడినాను. గోడలు నిలిచినవి గాని, తలుపులు కోట తలుపులైనవి. రెంటిని 48తో హెచ్చించిన 96 మిల్లీమీటర్లు, దాదాపు నాలుగంగుళములు! అమ్మ చూచి, "ఇది మన ఇల్లు కాదురా" అన్నది.

అప్పుడు లెక్కకు కూర్చున్నాను. అంచు కంటికి కనబడు భాగములకు అసలు మందమును స్కేలుతో భాగింపవలెను. మా తలుపు చెక్క ఒకటిన్నర అంగుళము, అనగా 38 మిల్లీమీటర్లు, భాగించిన 0.8. కనుక 0.75 రేకు సరిపోవును. అది దొరకనిచో 0.5, 0.25 రేకులను కలిపి అతికించుకొనవచ్చును. పెంకు అంచు 12 మిల్లీమీటర్లు, దానికి 0.25 రేకు. 18 అంగుళముల మట్టిగోడకు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు వచ్చును. అంత మందపు రేకు అక్కరలేదు. ఇరుప్రక్కల 1 మిల్లీమీటరు రేకు నిలిపి, నడుమ అంగుళమునకొకటి చొప్పున అడ్డుపట్టీలు అతికించి, లోపల బోలుగా విడిచిన చాలును.

కంటికి కనబడని చోట బలమే ప్రధానము. పొడవు, వెడల్పు మారకుండ రేకు మందము రెట్టింపైనచో, వంగకుండ నిలుచు శక్తి ఎనిమిది రెట్లగును. అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరునకు మారుట చిన్న మార్పు కాదు.

వంపునకు పలుచదనమొక్కటే కారణము కాదు. ఇందులకు వాడు జిగురు నిజమునకు ద్రావకము. రేకు పైపొరను కరగించి రెంటిని ఒకటి చేయును. వెడల్పైన రేకుల నడుమ చిక్కుకొన్నచో, మెల్లమెల్లగా వెలువడుచు వానిని వంచును. నా మొదటి గోడకు వెలుపల మాత్రమే మరియొక పొర అతికించుట నేను చేసిన తప్పు. ద్రావకమును కుంచెతో కొద్దిగా రాయవలెను. ఒక ప్రక్క పొర వేసినచో రెండవ ప్రక్కను అంతే వేయవలెను. ఆరువరకు బరువు క్రింద చదునుగా ఉంచవలెను. కిటికీలు తెరచి పనిచేయవలెను. దగ్గర దీపము గాని, నిప్పు గాని ఉండరాదు.

అర మిల్లీమీటరు వరకు రేకు కత్తితో సులభముగా తెగును. మందపు రేకుపై ఉక్కు బద్ద ఆనించి రెండు మూడుసార్లు గీసి, గీత వెంట వంచిన చక్కగా విరుగును.

మూడవ ఇల్లు పూర్తియగునప్పటికి ఊరిలోని ఇల్లు లేదు. అమ్మ నమూనాను ఒడిలో పెట్టుకొని, అరుగు అంచును వ్రేలితో తడిమి, "అరుగు ఇంకను ఎత్తుండెడిది" అన్నది. ఆమె మాటయే నిజము; నేను కొలిచినది వీధి మెరకైన తరువాత. 1.5 మిల్లీమీటర్ల రేకులు రెండు అరుగు అడుగున చేర్చినాను. అసలు కొలతలో అది ఆరంగుళములకు కొంచెము తక్కువ.