ఇంటిపేరు గడి ఖాళీగా వదిలితే

స్నాతకోత్సవ వేదిక మీది పెద్దలకు నమస్కారాలు రెండు వాక్యాల్లో ముగించేశారు ముఖ్య అతిథి. నాచారం పారిశ్రామికవాడ దగ్గర ఓ బ్యాంకు శాఖలో ఏళ్ల తరబడి విద్యారుణాలు చూసి రిటైరైన మనిషి. నల్ల గౌన్లలో ఎదురుగా కూర్చున్న ఉప్పల్, నాచారం పిల్లల్ని చూసి, "బయటి దేశం పోయేవాళ్లు చేతులెత్తండి" అన్నారు. చాలా చేతులే లేచాయి. "భవిష్యత్తు సంగతి మిగతా పెద్దలు చెప్తారు. నేను పాస్‌పోర్టు సంగతి చెప్తా."

ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో అమెరికా వీసాకు చెన్నై రైలెక్కాల్సి వచ్చేది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచాక ఆ తిప్పలు తగ్గాయి. 2023లో అది నానక్‌రాంగూడకు మారింది. ఇప్పుడు ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే అటువైపు రాయదుర్గం దాకా రైలు మారే పని కూడా లేదు. "దారి సాఫీ అయింది, కాగితాలు మాత్రం తప్పులతడకే" అని నిట్టూర్చారు.

అక్కడ పట్టుకున్న పేరు గొడవను చాలాసేపు వదల్లేదు. పదో తరగతి మెమోలో ముందుండే ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరమవుతుంది, పాన్‌కార్డులో చివరికి పోతుంది. పాస్‌పోర్టు దరఖాస్తులో సర్‌నేమ్ గడి దగ్గర తికమకపడి ఖాళీగా వదిలేస్తారు. అప్పుడు అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు చోటికి చేరి, అసలు పేరు చోట ‘ఎఫ్ఎన్‌యూ’ పడుతుంది. పేరు తెలియదని అర్థం. ఆయన దగ్గర అప్పు తీసుకున్న ఓ కుర్రాడికి అక్కడి డ్రైవింగ్ లైసెన్సు కూడా అలాగే వచ్చిందట. "నక్షత్రం చూసి పెట్టిన పేరయ్యా! శంషాబాద్‌లో ఎక్కి, అక్కడ ఫ్నూ గారై దిగాడు." హాలు గొల్లుమంది, ఆయన మాత్రం నవ్వలేదు. యూఏఈ సంగతీ ఎత్తారు. 2022 నవంబరులో అది ఒంటిపేరు పాస్‌పోర్టులకు విజిట్ వీసా నిబంధన బిగించింది. రెండో పేజీలో తండ్రి పేరుంటే చాలని తర్వాత సడలించింది.

"ఏం బిడ్డా, ఈ సూటుకు కొలతలు మళ్లీ మళ్లీ ఇచ్చుంటావు. పేరు ఒక్కసారైనా సరిచూసుకున్నావా?"

మిగతావి గబగబా చెప్పేశారు. సర్టిఫికెట్లకు ముందు రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, ఆపైన విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర. 2024 జనవరి నుంచి కెనడాకు అది చెల్లుతోంది. యూఏఈకి మాత్రం ఎంబసీ ముద్ర కూడా కావాలి. వెళ్లాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ప్రవాసులకిచ్చే ఎన్ఆర్‌వో ఖాతాగా మార్పించుకోవాలి. ఏటీఎం కార్డు తమ్ముడి చేతిలో పెట్టి పోతే సరిపోదు.

"కన్సల్టెన్సీవాళ్లే చూసుకుంటారు" అనే మాట వింటే ఆయనకు ఒళ్లు మండుతుంది. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరెత్తారు. అమెరికా ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపిన, క్లాసుల్లేని కాలేజీ అది. 2019 జనవరి చివర్లో 129 మంది భారతీయ విద్యార్థులను పట్టుకుంటే అందులో మన తెలుగువాళ్లే ఎక్కువ. "క్లాసులెక్కడ జరుగుతాయని అడగడానికి జీఆర్‌ఈ స్కోరు కావాల్నా?"

చివరికి పట్టాల వైపు చెయ్యి చూపించారు. "ఫొటోలు తర్వాత, ముందు స్పెల్లింగ్ చూసుకోండి. తప్పుంటే పరీక్షల విభాగంవాళ్లు ఇక్కడే ఉన్నారు. ఇవాళ దొరికినంత తేలిగ్గా రేపు దొరకరు" అని కూర్చున్నారు.