ఇంట బిస్కట్లు, కేకులు కాల్చుటకు కావలసిన సామాను



తిరువూరు చుట్టుప్రక్కల పల్లెలలో, పొలం పనులు తక్కువగా ఉండే రోజులలో బిస్కట్లు, కేకులు ఇంటనే చేసి, పిల్లలకు పెట్టుకొని, మిగిలినవి అమ్ముకుందామనే కోరిక గృహిణులకు కలగడం సహజం. ఆలోచన మంచిదే. కాని అప్పుచేసి పెద్ద ఓవెను తెచ్చుకొని పని మొదలుపెట్టకండి. సరుకు కుదరకపోతే ఓవెను అటక ఎక్కుతుంది, అప్పు వాయిదాలు మాత్రం ఆగవు. ముందుగా కొనవలసినది త్రాసు.

కారణం చెబుతాను. కూరలో ఉప్పు తగ్గితే తరువాత కలుపుకోవచ్చును. పొయ్యిలోకి వెళ్ళిన పిండిని సరిదిద్దే వీలు లేదు. ఒకే కప్పుతో కొలిచినా, గోధుమపిండి వదులుగా పోస్తే సుమారు 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాముల వరకు తూగుతుంది. ఆ తేడా వల్లనే నిన్న గుల్లగా వచ్చిన బిస్కట్టు నేడు రాయివలె గట్టిపడుతుంది. ఎకరాకు ఇన్ని కిలోలని విత్తనం తూచి వేసే మీకు ఈ సంగతి కొత్త కాదు. ఒక్కొక్క గ్రాము తేడాను చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు చాలును. బేకింగ్ పౌడరు వంటి వాటికి కొలత చెంచాలు కావలెను. పెద్ద చెంచా 15, చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు.

జల్లెడ, కవ్వం, చపాతీ కర్ర, వెడల్పు గిన్నె మీ ఇంట ఉన్నవే. కేకుకు ఒక అల్యూమినియం గిన్నె, బిస్కట్లకు అంచు తక్కువగల పళ్ళెం, మందపాటి చేతి తొడుగులు, చల్లార్చుటకు తీగల స్టాండు కొనవలెను. స్టాండు అనవసరమనుకోవద్దు. వేడి సరుకును పళ్ళెంలోనే వదిలితే అడుగున ఆవిరి పట్టి మెత్తబడుతుంది. పూర్తిగా చల్లారిన తరువాతనే డబ్బాలో పెట్టి మూత బిగించవలెను.

మొదట్లో ఓవెను లేకపోయినా పని జరుగుతుంది. అడుగు మందంగల పెద్ద గిన్నెలో రెండు అంగుళాల మేర పొడి ఇసుక పోసి, మూతపెట్టి, సన్నని మంటమీద పదిహేను నిమిషాలు వేడిచేయండి. ఇసుకపై చిన్న స్టాండు ఉంచి, దానిమీద పళ్ళెం పెట్టండి.

పరీక్షకు ఒక కొలత చెబుతాను. రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100, వెన్న 100, బెల్లం పొడి 80, బేకింగ్ పౌడరు అర చిన్న చెంచా, ముద్ద కావడానికి తగినన్ని పాలు. పిండిని పట్టి ఉంచే గ్లూటెన్ రాగిలో లేదు. రాగిపిండి ఒక్కటే వాడితే బిస్కట్టు విరిగి పొడి అవుతుంది. అందుకే గోధుమపిండి సగం కలపవలెను. అంచులు గట్టిపడే వరకు, సుమారు 20 నిమిషాలు కాల్చండి. బరువులు, సమయం, ఫలితం ఒక పుస్తకంలో వ్రాయండి.

ఇదే కొలతతో మూడుసార్లు చేసి, మూడుసార్లూ ఒకే తీరుగా వస్తే అప్పుడు కరెంటు ఓవెను కొనండి. ఇంటికి 25, 30 లీటర్లది సరిపోతుంది. 1500 వాట్ల ఓవెను ఆరున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. కనుక 6 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించరాదు. ఎర్తు సరిగా ఉన్న 16 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించవలెను. గంటసేపు ఆగకుండా కాలితే ఒకటిన్నర యూనిట్లు ఖర్చవుతుంది. ఓవెను మీటకు, లోపలి వేడికి తేడా ఉండవచ్చును. లోపల ఉంచే చిన్న థర్మామీటరు ఆ తేడా చెబుతుంది. బిస్కట్లకు 170, కేకుకు 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడి ఉండవలెను.

అమ్మదలచినవారు ఆహార భద్రత, ప్రమాణాల సంస్థవద్ద తప్పక నమోదు చేసుకొనవలెను. పిండి, వెన్న, గ్యాసు, కరెంటుతోపాటు మీ శ్రమను కూడా లెక్కవేసి ధర కట్టండి. ఇంటి యజమానులకు ఒక్క మనవి: ఇంటి ఇల్లాలు త్రాసు అడిగినప్పుడు చిన్న వస్తువని త్రోసిపుచ్చకండి. పెద్ద ఓవెను కొనాలో వద్దో తేల్చి చెప్పేది అదే.