పరదేశ ప్రయాణం: ఇంటర్నెట్‌లో ఏమి చూడాలి, ఎక్కడ చూడాలి
(రోగుల బంధువుల ఆరోగ్య అవగాహన సమావేశంలో ఒక సిస్టర్ ఇచ్చిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య వార్డులో డిశ్చార్జి కాగితాలు చేతికిచ్చేటప్పుడు ఒక ప్రశ్న తరచుగా వినబడుతోంది. "సిస్టర్, అమ్మను వచ్చే నెల అమెరికా పంపించవచ్చా?" అని కొందరు, "సిస్టర్, మా ఆయన కువైట్ వెళ్తున్నాడు, ఈ బిళ్ళలు తీసుకెళ్లనిస్తారా?" అని కొందరు అడుగుతున్నారు. రోగి ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నారా లేదా అన్నది డాక్టరు గారు చెబుతారు. కాని మందుల అనుమతి, వీసా, బీమా, విమానం వారి నియమాలు ఎవరు చెబుతారు? మీరు వెళ్లి ఏజెంటును అడుగుతారు. లేదా ఇంతకుముందు ఒకసారి వెళ్లివచ్చిన బంధువును అడుగుతారు. ఆ సమాచారమంతా మీ చేతిలోని ఫోనులోనే ఉంది. నిజమైనది పట్టుకోవడమే తెలియాలి. ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం.

మొదట చిరునామా సంగతి. గూగుల్‌లో "పాస్‌పోర్టు" అని కొట్టగానే అన్నిటికంటే పైన వచ్చేది ప్రభుత్వ వెబ్‌సైటు అనుకోకండి. డబ్బు కట్టి పైకి తెచ్చుకున్న ప్రకటన కూడా కావచ్చు. దాని పక్కన "స్పాన్సర్డ్" అని చిన్న అక్షరాలతో ఉంటుంది. అశోక చక్రం, మూడు సింహాల బొమ్మ ఎవరైనా పెట్టుకోవచ్చు, కాబట్టి బొమ్మ చూసి నమ్మకండి. చిరునామా ఎలా ముగిసిందో చూడండి. మన ప్రభుత్వానిదైతే సాధారణంగా "డాట్ గవ్ డాట్ ఇన్" అని ముగుస్తుంది. అమెరికా ప్రభుత్వానిది ఉత్త "డాట్ గవ్" అని, బ్రిటన్‌ది "డాట్ గవ్ డాట్ యూకే" అని ఉంటుంది. మోసగాళ్లు "గవ్" అనే మాటను మధ్యలో ఇరికించి చివర "డాట్ కామ్" పెడతారు. అందుకే చివరి ముక్క చదవాలి.

పాస్‌పోర్టు దరఖాస్తుకు "పాస్‌పోర్ట్ ఇండియా డాట్ గవ్ డాట్ ఇన్" ఒక్కటే విదేశాంగ శాఖ వెబ్‌సైటు. "ఎం పాస్‌పోర్ట్ సేవ" అని వారి యాప్ కూడా ఉంది. ఇలాంటి పేర్లతోనే నకిలీ సైట్లు నడుస్తున్నాయని, వివరాలు, డబ్బులు లాగుతున్నాయని ఆ శాఖవారే తమ వెబ్‌సైటులో హెచ్చరిక పెట్టారు. అమెరికా వీసాకు నింపే డీఎస్ 160 ఫారం కూడా అంతే. ఆ ఫారం నింపినందుకు అమెరికా ప్రభుత్వం డబ్బు తీసుకోదు, వీసా రుసుము వేరుగా కట్టాలి. "ఫారం రుసుము" అని ఎవరైనా అడిగితే, అది వారు నింపిపెట్టినందుకు తీసుకునే కూలి. ఇష్టమైతే ఇవ్వండి, ప్రభుత్వానిదని మాత్రం అనుకోకండి.

యూట్యూబులో తెలుగులో ఎన్నో వీడియోలు ఉన్నాయి. విమానాశ్రయంలో ఎటు వెళ్లాలి, కాగితాలు ఎలా చూపించాలి అన్నవి తెలుసుకోవడానికి బాగానే పనికివస్తాయి. ఎప్పుడూ ఊరు దాటని అమ్మగారికి ఒకసారి చూపిస్తే భయం తగ్గుతుంది కూడా. కాని నియమాలకు, రుసుములకు వాటిని నమ్మకండి. రెండేళ్ల క్రితం తీసిన వీడియోలో చెప్పినది నేడు మారి ఉండవచ్చు. ఏ పేజీ చదివినా అది ఏ తేదీన రాసినదో చూడండి.

ఇక మందులు. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే మనిషి జైలుకు వెళ్లే అవకాశం ఉంది.

మందు గురించి వెతికేటప్పుడు కంపెనీ పెట్టిన పేరుతో వెతకకండి. బిళ్ళల అట్ట మీద పెద్ద అక్షరాలతో ఉండేది కంపెనీ పేరు. దాని దగ్గరే చిన్న అక్షరాలతో అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. దానితో వెతకాలి. అసలు పేరు కూడా దేశాన్నిబట్టి మారవచ్చు. మనం పారాసిటమాల్ అనేదాన్ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్ అక్కడ ఆల్బుటెరాల్. సుగర్‌కు వాడే గ్లిబెన్‌క్లమైడ్ అక్కడ గ్లైబ్యూరైడ్. ఇది తెలియక అక్కడి మందుల షాపులో "మా దగ్గర లేదు" అంటే కంగారుపడి, ఇక్కడినుంచి పంపమని ఫోను చేస్తారు.

గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు బాగా గమనించండి. ఇక్కడ మామూలుగా రాసే కొన్ని మందులు అక్కడ నియంత్రణలో ఉన్నాయి. ఎముక విరిగినప్పుడు, ఆపరేషను తరువాత నొప్పికి ఇచ్చే ట్రమడాల్, కొన్ని దగ్గు సిరప్పుల్లో ఉండే కోడీన్, నిద్ర పట్టడానికి, ఆందోళన తగ్గడానికి ఇచ్చే అల్‌ప్రజోలం, డయజిపామ్ అటువంటివి. సుగర్ ఉన్నవారికి అరికాళ్ల మంటలు, తిమ్మిర్లకు ఇచ్చే ప్రెగాబాలిన్ కూడా యూఏఈలో, సౌదీలో ఆ జాబితాలోదే. "ఇది నరాల బలానికి బిళ్ళ" అని మీరనుకుంటారు, అక్కడి అధికారి అలా అనుకోడు. ఇటువంటి మందు తప్పనిసరి అయితే ప్రయాణానికి ముందే ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టి అనుమతి తీసుకోవాలి. యూఏఈ ప్రభుత్వ వెబ్‌సైటు "యూ డాట్ ఏఈ". దానిలో మందులు తెచ్చుకోవడం గురించిన పేజీ చూసి, అది చూపించిన చోట దరఖాస్తు పెట్టండి. ఇతర దేశాల నియమాలకు వియన్నాలో ఉన్న అంతర్జాతీయ మాదకద్రవ్యాల నియంత్రణ బోర్డువారి వెబ్‌సైటులో దేశాలవారీగా ప్రయాణికుల పేజీ ఉంది. ఇవి చదవడానికి ఇంగ్లీషు వచ్చిన పిల్లల సాయం తీసుకోండి. ఫోను చేసే తెలుగు అనువాదం మందుల పేర్ల దగ్గర తడబడుతుంది.

దరఖాస్తు పెట్టడంకంటే సులభమైన దారి ఒకటుంది. ప్రయాణం సంగతి డాక్టరు గారికి ముందే చెప్పండి. చాలాసార్లు ఆ మందుకు బదులు వేరే మందు రాయవచ్చు. మీ అంతట మీరు మాత్రం ఆపకండి.

మరొకటి, మన వంటింటిది. గసగసాలు. యూఏఈ, సౌదీ, సింగపూరులలో అవి నిషేధం. విడిగా పొట్లం కట్టకపోయినా, ఇంట్లో దంచిన మసాలా పొడిలో ఉన్నా ప్రమాదమే. అలాగే "మా అబ్బాయికి ఇవ్వండమ్మా" అని విమానాశ్రయానికి ముందు రోజు ఎవరో తెచ్చే పచ్చడి డబ్బా, మందుల పొట్లం. మీ సంచిలో దొరికినది మీదే అవుతుంది. మొహమాటపడకండి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు వేరే చిక్కు. అక్కడ తరచుగా 6 నెలలు ఉండనిస్తారు. కాని స్వంత వాడకానికి తెచ్చుకునే మందులు సాధారణంగా 90 రోజులకు మించకూడదని అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతోంది. మిగతా 3 నెలల మాటేమిటి? దానికి కూడా ఎఫ్‌డీఏ వెబ్‌సైటులో జవాబు ఉంది. 90 రోజులకంటే ఎక్కువ ఉండే విదేశీ సందర్శకులు మిగతా మందులు కొరియరులో తెప్పించుకోవచ్చు. పొట్లంలో వీసా, పాస్‌పోర్టు నకళ్లు, ఇంగ్లీషులో ఉన్న ప్రిస్క్రిప్షన్ నకలు, డాక్టరు గారి ఉత్తరం పెట్టాలి. ఆ ఉత్తరాన్ని ప్రయాణానికి ముందే రాయించుకోండి. వారంవారం డబ్బాల్లో సర్దిన బిళ్ళలతో విమానం ఎక్కకండి, అట్టలు కంపెనీ పెట్టెలతోనే ఉండాలి.

ఇన్సులిన్ వాడేవారు దానిని చేతి సంచిలోనే పెట్టుకోవాలి. కింద సామాన్ల గదిలో వేసే పెట్టెలో పెడితే చలికి గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనిచేయదు. చేతి సంచిలో 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలు వద్దనే నియమం వైద్యానికి అవసరమైనవాటికి వర్తించదని అమెరికా విమానాశ్రయ భద్రతా సంస్థ టీఎస్ఏ వెబ్‌సైటులో ఉంది. తనిఖీ దగ్గర ముందే చెప్పాలి, చీటీ చూపాలి. న్యూయార్కుకు, మనకు 9 గంటల 30 నిమిషాలో, చలికాలంలో 10 గంటల 30 నిమిషాలో తేడా ఉంటుంది. ఆ రోజు ఇన్సులిన్ ఏ వేళకు ఎంత తీసుకోవాలో ఏ వెబ్‌సైటూ మీకు చెప్పలేదు. అది మీ డాక్టరు గారే కాగితం మీద రాసివ్వాలి.

విమానం గురించి. లోపలి గాలి ఒత్తిడి 6,000 నుండి 8,000 అడుగుల కొండమీద ఉన్నట్లు ఉంటుంది. ఆరోగ్యవంతులకు ఏమీ తెలియదు. ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారికి తెలుస్తుంది. ఈ మధ్యనే ఆసుపత్రిలో ఉన్నవారికి, ఆక్సిజన్ అవసరమైనవారికి విమాన సంస్థలు "మెడిఫ్" అనే ఫారం అడుగుతాయి. అది వారి వెబ్‌సైటులోనే దొరుకుతుంది. టికెట్టు కొనకముందే చదవండి. ఎముక విరిగి కొత్తగా కట్టు కట్టినవారికి, నెలలు నిండిన గర్భిణులకు కూడా నియమాలున్నాయి. గర్భిణులను 28 వారాల తరువాత చాలా సంస్థలు డాక్టరు ఉత్తరం అడుగుతాయి. రెటీనా ఆపరేషనులో కంట్లో గ్యాసు పెట్టినవారు మాత్రం కంటి డాక్టరు సరే అనేవరకు విమానం ఎక్కనే కూడదు. పైకి వెళ్లేకొద్దీ ఆ గ్యాసు వ్యాకోచించి చూపే పోవచ్చు.

కదలకుండా 4 గంటలు, అంతకు మించి కూర్చుని ప్రయాణం చేస్తే కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం సుమారు రెట్టింపు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ప్రకటించింది. మోకాలి ఆపరేషను అయిన పెద్దవారు డాక్టరు గారిని అడగాలి. చక్రాల కుర్చీ, సుగర్ భోజనం కావాలంటే విమాన సంస్థ వెబ్‌సైటులో కనీసం 48 గంటల ముందు నమోదు చేయండి. చక్రాల కుర్చీ అడగడానికి నామోషీ పడే నాన్నగార్లను చాలామందిని చూశాను. పెద్ద విమానాశ్రయాల్లో నడక ఎంత దూరమో వారికి తెలియదు.

బీమా దగ్గర ఒక్క మాట వెతకండి. పాలసీ పత్రం మొత్తం వెబ్‌సైటులో ఉంటుంది. దానిలో "ప్రీ ఎగ్జిస్టింగ్ డిసీజ్" అన్న చోటికి వెళ్లండి. అనగా పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బు. చవక పాలసీల్లో సుగర్, బీపీ, గుండె జబ్బులవల్ల వచ్చే ఖర్చు ఇవ్వమని అక్కడే రాసి ఉంటుంది. కొన్నిటిలో ప్రాణాపాయం తప్పించేవరకే ఇస్తామని ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఇచ్చే మొత్తం తగ్గించేవీ ఉన్నాయి. ప్రీమియం తగ్గుతుందని సుగర్ దాచిపెడితే, రేపు క్లెయిము తిరస్కరించడానికి వారికి అదే కారణం అవుతుంది. యూరప్‌లో షెంజెన్ వీసాకైతే కనీసం 30,000 యూరోల బీమా ఉండి తీరాలి.

గల్ఫ్‌కు పనికి వెళ్లేవారి ఇంటివారు ఇక్కడ ఎందరో ఉన్నారు. కడప నుండి, గోదావరి జిల్లాల నుండి అక్కాచెల్లెళ్లు, కరీంనగర్, నిజామాబాద్ నుండి అన్నదమ్ములు. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు సాధారణంగా "ఈసీఆర్" రకం. వారు గల్ఫ్‌కు ఉద్యోగానికి వెళ్లాలంటే "ఎమిగ్రేట్" వెబ్‌సైటు ద్వారా అనుమతి ఉండాలి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో అదే వెబ్‌సైటులో పేరు కొట్టి చూడవచ్చు. అనుమతితో వెళ్లినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయల ప్రమాద బీమా కూడా ఉంటుంది. "ముందు విజిట్ వీసా మీద వెళ్దువు, అక్కడ మార్చుకోవచ్చు" అని ఏజెంటు అంటే, ఆ అనుమతీ ఉండదు, ఆ బీమా ఉండదు. తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే విదేశీ ఉద్యోగాలు చూపిస్తోంది. అక్కడికి వెళ్లాక జీతం ఇవ్వకపోయినా, జబ్బుచేసి ఆసుపత్రిలో పడినా ఇంటివారు ఇక్కడినుంచే విదేశాంగ శాఖవారి "మదద్" వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టవచ్చు. అది 2015 నుండి నడుస్తోంది.

గల్ఫ్ మెడికల్‌కు ఇప్పుడు "వాఫిద్" వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలి. పాతవారు గామ్కా అనేవారు, అదే ఇది. దీనిలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది. ఒకప్పుడు టీబీ వచ్చి, పూర్తిగా మందులు వాడి నయమైనవారికి కూడా ఊపిరితిత్తిలో మచ్చ కనబడితే "అన్‌ఫిట్" అని రాస్తారు. ఇది న్యాయమా అంటే, నర్సుగా నేను న్యాయం కాదనే అంటాను. కాని వారి నియమం అది. కాబట్టి ఇంట్లో ఎవరికైనా ముందు టీబీ వచ్చి ఉంటే, ఏజెంటుకు అప్పు తెచ్చి లక్షలు కట్టకముందే ఒక ఎక్స్‌రే తీయించి డాక్టరు గారికి చూపించండి. "మెడికల్ మేము చూసుకుంటాం" అనేవారికి డబ్బు ఇవ్వకండి.

టీకాలు త్వరగా చెబుతాను. కెన్యా, ఉగాండా, నైజీరియా వంటి ఆఫ్రికా దేశాలకు వెళ్లేవారు ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. 2016 జూలై నుండి ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, పోగొట్టుకోకండి. అది లేకుండా తిరిగి వస్తే మన విమానాశ్రయంలోనే 6 రోజుల వరకు విడిగా ఉంచుతారు. అన్ని ఆసుపత్రుల్లో వేయరు. కేంద్ర ఆరోగ్య శాఖ వెబ్‌సైటులో కేంద్రాల జాబితా ఉంది. హైదరాబాదులో నారాయణగూడలోని ఐపీఎంలో వేస్తారు. 60 ఏళ్లు దాటినవారు ముందు డాక్టరు గారిని అడగాలి. హజ్, ఉమ్రా వెళ్లే ముస్లిం సోదరులకు మెదడు పొరల వాపు టీకా, అనగా మెనింజైటిస్ టీకా, 10 రోజుల ముందు ఉండాలి.

చివరగా మన ఆసుపత్రి నుండి తీసుకోవలసిన కాగితం. ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. దానిలో జబ్బు, అసలు మందుల పేర్లు, మోతాదు, అలర్జీలు, డాక్టరు గారి సంతకం, ముద్ర ఉండాలి. ప్రయాణం రోజు ఉదయం వచ్చి అడిగితే డాక్టరు గారు ఆపరేషను గదిలో ఉండవచ్చు, వారం ముందే రండి. దాని ఫోటో తీసి ఫోనులో పెట్టుకోండి, అక్కడి పిల్లలకు కూడా పంపండి. ఒకటి చూసుకోండి. మన ఓపీ చీటీలో "వెంకమ్మ" అని ఉంటుంది, పాస్‌పోర్టులో "వెంకట లక్ష్మమ్మ" అని ఉంటుంది. రెండు పేర్లు చూసిన అధికారి ఈ మందులు ఎవరివని అడుగుతాడు. ఉత్తరం రాయించేటప్పుడు పాస్‌పోర్టు నకలు వెంట తెచ్చి, దానిలో ఉన్న పేరే అక్షరం తప్పకుండా రాయించుకోండి.